వీపెనక దారి

ముప్పై ఒక్క ఏండ్లు
గద్వాల డిపోల టికెట్లు చింపినోణ్ని.
"జరగున్రి, లోపలికి జరగున్రి" అని
మంది మీద ఒర్రి ఒర్రి
గొంతు గీరుకపోయినోణ్ని.

రిటైరయినంక
నడుంలోతు కృష్ణల గాలంకర్ర పట్టుకొని నిలబడ్డ నన్ను
పుట్టి మీదికెంచి ఒకామె అడిగింది:
"సారూ, జెర జరుగున్రి."

జరగలే.
జరిగే జాగ ఏడుంది?
కుడిదిక్కు పాచిపట్టిన గుండు,
ఎడమదిక్కు సుడి,
కాళ్లకింద
మూడు వారాలు తడిమి తడిమి దొరకబట్టుకున్న
ఒక్క చదును రాయి.
నీళ్లల్ల నిలబడేటోనికి
అరికాళ్లంత మేరనే పట్టాభూమి.

ఆమె గూడ ఆగలే.
పుట్టికి బ్రేకుండదు గద.
గుర్రంగడ్డ పాలక్యాన్లు రెండు,
ఒక పంతులమ్మ, ఆమె చేతుల చెప్పులు,
యూరియా బస్తా, బస్తా మీద మేకపిల్ల,
అన్నీ గిర్రున తిరుక్కుంట నా ముందట్నుంచే పోయినయి.
నెమలీక కాడ బెండు
పుట్టి కిందవడి కనవడలే.
పటుక్కున తెగింది దారం.
అప్పటిదాంక ఎర వాసన చూస్తున్న వాలుగ
ఏ ఊరికి పోయిందో.

నేను తిట్టిన. ఆమె తిట్టింది.
నావి బస్సు తిట్లు, స్టేజీ రాంగనే దిగిపోతయి.
ఆమెవి ఏటి తిట్లు,
నీళ్ల మీద జారి శానా దూరం పోతయి.
అవతలి ఒడ్డున బట్టలు పిండేటోళ్లు
పని ఆపి విన్నరు.
మేకపిల్ల ఒక్కటే
ఎవరి దిక్కూ మాట్లాడలే.

తెల్లారి మళ్ల అదే రాయి.
పుట్టి ఇంకా సొరకాయ బుర్రంత ఉన్నప్పుడే
నోట్లెకెంచి దానంతటదే వచ్చింది
ఒక ఈల.
ఆపు అని.
అలవాటు, నా తప్పేం లేదు.

తెడ్డు పైకి లేసింది.
నేను దారం చుట్టి, కర్రను నిట్టనిలువు పట్టుకున్న.
"ముందట మడుగుంది, నాకది గావాలె.
నీ పుట్టికి మూరెడు నీళ్లు సాలు గద,
నా యెనకనుంచి పో జములమ్మా."
ఆమె పేరు ఎట్ల తెల్సంటే
నిన్న తిట్ల నడుమ ఆమెనే చెప్పింది,
"జములమ్మంటే ఏమనుకున్నవ్" అని.

"మనిషి వీపెనక పోవుడు మంచిది గాదంటరు సారూ.
ఇంకోటి, ఆ రెండు గుండ్లు సుట్టి రావాలె,
పది తెడ్లు ఎక్కువ."
"పది తెడ్లకు వారానికో జెల్ల ఇస్త."
"రెండు."

రెండు ఈలలు.
రైట్ రైట్.

అప్పటిసంది పొద్దుగాల ఏడుంబావుకు
నా వీపుకు చెవులు మొలుస్తయి.
ఎనక నీళ్లు మెల్లగ ఉబ్బుతయి,
తొడలకు తాకుతయి, సల్లవడతయి.
తిరిగి చూడ.
చూస్తే పాదం జారుతదని గాదు.
చూడకపోవుడే ఒప్పందం.
కొన్ని దినాలు ఆమె తెడ్డే ముంచదు,
వాలుకు వదిలేసి పోతది.
చేప ముడుతున్నదని
నాకంటె ముందుగాల ఆమెకెట్ల తెలుస్తదో!

మొన్న జూరాల గేట్లెత్తుతరని
పొద్దుగూకంగ కబురొచ్చింది.
ఒడ్డు మీద కర్ర మడిచి నిలవడితే
"రాన్రి సారూ, అవతలికి ఆఖరి ట్రిప్పు" అన్నది.
అవతల నాకేం పని లేదు.
ఎక్కిన.
"జరగున్రి, లోపలికి జరగున్రి" అన్నది నవ్వుకుంట.
గుండ్రటి దాంట్ల లోపలికంటే ఎటు?

నడి ఏట్ల తెడ్డు చూపించి అన్నది:
"అగో, మీ రాయి."

గీడికెంచి ఎన్నడు చూడలే నేను.
గుండు, గుండు పక్కన సుడి,
సుడి పక్కన ఒక్కటే ఒక్క సందు,
ఆ సందుల నట్టనడుమ
నా రాయి.